ఆమె నా లైన్ మనిషి

వెంబ్లీ,
21 మే 2006.

ప్రియమైన మల్లికార్జునకు,

మీ బావ మొగిలయ్య ఆశీస్సులు. మీ అక్క కళావతి, పాప సంజన, నేను ఆరోగ్యంగా ఉన్నాం. బొగ్గుబాయిలో నీ షిఫ్టులు ఎలా సాగుతున్నాయో, చెల్లెమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయి.

మీ గనిలో ఎవరి జెండా వారిదైపోయిందనీ, పక్కన పనిచేసే మనిషితోనే నీకు మాటల్లేవనీ రాశావు. సలహాలు ఇచ్చేంతవాణ్ణి కాను. మీ అక్క చేసింది మాత్రం చెబుతాను.

ఆమె పనిచేసే శాండ్‌విచ్ ఫ్యాక్టరీలో చలి గది, ఆగని బెల్టు; ఆ బెల్టు వరసనే లైన్ అంటారు. టాయిలెట్‌కు పోవాలన్నా సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. ఈ మధ్య పోలండ్ ఆడవాళ్లు చాలామంది చేరారు. వాళ్లు మీ పని లాక్కుంటారని మేనేజర్ మనవాళ్లకు చెప్పేవాడు. మనవాళ్లు సోమరులని వాళ్లకు చెప్పేవాడు. క్యాంటీన్‌లో ఎవరి బల్ల వారిదే.

కిందటి నెల మగ్దా అనే పోలండ్ పిల్ల, కడుపుతో ఉన్న మనిషి, టాయిలెట్‌కు పోతానంటే సూపర్‌వైజర్ వద్దన్నాడు. ఆపుకోలేక వెళ్లొచ్చేసరికి, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. మీ అక్క గ్లవ్స్ తీసేసి బెల్టు దగ్గర్నుంచి వెనక్కి జరిగి నిలబడింది. పక్కనున్న నిర్మలాదేవి భయపడి, "ఏందక్కా, మన కొలువులు పోతయ్ గదా" అందట. "ఇయ్యాల ఆమెను ఎల్లగొడితే ఊకుంటే, రేపు మన వంతు రాదా?" అందట మీ అక్క. నిర్మలాదేవీ జరిగింది. తర్వాత గుజరాతీ ఆడవాళ్లు, పోలండ్ వాళ్లు. శాండ్‌విచ్‌లు నేలమీద కుప్పపడ్డాయి.

మేనేజర్ పరుగున వచ్చి, ఆమె మీ మనిషి కాదు కదా, నీకెందుకు అన్నాడట. మీ అక్క తనకొచ్చిన ఇంగ్లిష్‌లోనే, ఆమె నా లైన్ మనిషి అని చెప్పింది. ఇదంతా నిర్మలాదేవి చెబితేనే నాకు తెలిసింది.

సాయంత్రానికి మగ్దాను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఇప్పుడు టాయిలెట్‌కు ఎవరినీ అడగక్కర్లేదు. సగంమంది యూనియన్‌లో చేరారు.

కౌన్సిల్ ఎన్నికల్లో ఓట్లడిగేవాళ్లు మనవాళ్ల కోసం గుడికీ, పోలండ్ వాళ్ల కోసం చర్చికీ విడివిడిగా వచ్చారు. మీ అక్క అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టింది. తనలా ఏజెన్సీ కాంట్రాక్టు కింద పనిచేసే కూలీల పక్షాన నిలబడతారా లేదా అని అభ్యర్థులను నిలదీసింది. పనిలో ఒక్కటై, ఓటులో వేరైతే మళ్లీ మనమే నలుగుతామంది. చప్పట్లు ముందు పోలండ్ వాళ్లే కొట్టారు. వెనక వరసలో నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లు కాపురం చేసినా ఈ మనిషిని నేను సగమే చూశాననిపించింది.

ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పు.

మీ బావ,
మొగిలయ్య

తా.క.: నీకు రాయొద్దని మీ అక్క ఒట్టు వేయించుకుంది, అయినా రాస్తున్నాను. అందరి పనీ నిలిచింది, ఆమెది తప్ప. బెల్టు దగ్గర అలా నిలబడిన మరుసటి వారం నుంచే ఏజెన్సీ ఆమెకు షిఫ్టులు ఇవ్వడం మానేసింది. ఆ హాల్లో మాట్లాడిన రోజుకే ఆమె ఉద్యోగం పోయింది. నిన్న మగ్దా, నిర్మలాదేవి ఇంటికొచ్చారు. కళావతి లోపలికొచ్చేదాకా బెల్టు నడవదని రెండు బల్లల వాళ్లూ కలిసి తీర్మానించారట. రేపు పొద్దున్నే ఆపుతున్నారు. నేనూ సెలవు పెట్టి గేటు దగ్గరికి వెళ్తున్నాను.