ఇద్దరు సుక్కాలు, ఒక కార్డు

బచేలి,
16 జూలై 2016, శనివారం.

నాన్నగారికి,

ప్రమీల వందనాలు. నేను బాగున్నాను. కొత్తవలసలో మీరూ అమ్మా ప్రభువు దయలో క్షేమమని నమ్ముతున్నాను.

ఈ ఉదయం పశువుల ఆసుపత్రి తలుపు తీసేసరికి కీబోర్డు మీద నాలుగు పిల్లి అడుగులు, గని దుమ్ముతో ఎర్రగా. వెంటనే తుడవబుద్ధి కాలేదు.

ఆగస్టులోగా ఈ కంప్యూటర్ ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే ఇంటికి వచ్చెయ్యమన్నారు కదా. ఇక రానక్కర్లేదు. ఒకటో తారీఖు నుంచి పర్మనెంట్ చేస్తామని మా డాక్టరు సత్యమూర్తి గారు నిన్న అందరి ముందూ అన్నారు. ఎందుకో ఫోన్లో చెప్పలేను. నలుగురిలోనే కాదు, ఫోన్లోనూ నాకు మాటలు రావని మీకు తెలుసు.

ఇక్కడి పల్లెల్లో శుక్రవారం పుట్టినవాడికి సుక్కా అని పెడతారు. పటేల్‌పారాలో ఇద్దరు సుక్కాలున్నారు, ఇద్దరి ఆవుల్నీ పిచ్చికుక్క కరిచింది. మొదటి సుక్కా ఆవుకి అయిదు సూదులూ జూన్‌లోనే అయిపోయాయి. రెండో సుక్కా ఆవుకి పడింది ఒక్కటే. కంప్యూటర్లో ఇద్దరి ఆవుల వైద్యం కార్డులూ ఒకటైపోయాయి. గురువారం అతను రెండో సూదికి ఆవును తోలుకొస్తే, తెర మీద అయిదూ అయినట్టు చూసి, పని అయిపోయింది వెళ్ళమన్నాను. ఒక్కటే వేశారు కదా బాయీ అన్నాడు; ఇక్కడ ఆడవాళ్ళని అలాగే పిలుస్తారు. కంప్యూటర్ చెబుతోందన్నాను. ఆవును తోలుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అనుమానమొచ్చి పాత రిజిస్టరు తిరగేస్తే మొదటి సుక్కా ఆవు తెల్లది, రెండో సుక్కాది నల్లది, ఎడమ కొమ్ము విరిగింది. ఆ రోజు సంత, అతను ఇంకా అక్కడే ఉంటాడనుకున్నాను. పరుగెత్తి, ఉప్పు బస్తా మీదికెక్కి సుక్కా అని అరిచాను. అవును నాన్నా, నేనే! తొమ్మిది మంది తిరిగి చూశారు. ఇప్పపువ్వు అమ్మే హిడ్మే పగలబడి నవ్వి, ఇంతమందిలో ఏ సుక్కా కావాలి పిల్లా, పెళ్ళికా పశువుకా అంది. విరిగిన కొమ్ము అన్నాను. తొమ్మిది వేళ్ళూ, తిరిగి చూడకుండా చింతపండు బేరమాడుతున్న పదోవాడి వైపే చూపించాయి. ఆవు పక్కనే కట్టేసి ఉంది. సాయంత్రంలోగా సూది పడింది.

ఇప్పుడు ప్రతి కార్డులో ముందు కొమ్ములు, రంగు, చెవి పోగు నంబరు రాస్తున్నాను. యజమాని పేరు ఆ తర్వాతే. ఈ పద్ధతి నాదే, డాక్టరు గారికి నచ్చిందీ ఇదే. కార్డులు కలిపేసినందుకు, జగదల్‌పూర్ నుంచి వచ్చి ఈ సాఫ్ట్‌వేర్ పెట్టిన దేవరాజు గారిని డాక్టరు గారు ఫోన్లో చెడామడా తిట్టారు.

అమ్మకు నా ముద్దులు.

మీ
ప్రమీలారాణి

తా.క. కవరు అంటించాక మళ్ళీ చింపాను. కంప్యూటర్ తనంతట తాను కార్డులు కలపదు నాన్నా. ఈ రెండూ ఒకరివేనా, కలపమంటారా అని అడుగుతుంది. అవునని నొక్కింది నేను. దేవరాజు గారి తప్పేం లేదు. ఇందాకే వెళ్ళి డాక్టరు గారికి చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడదామన్నారు.