తిట్టుకుంటూ నలభై రెండు కిలోమీటర్లు

1

మూడో అంతస్తులో వేంచేసి ఉన్న కెప్టెన్ వదిన గారికి, గ్రౌండ్ ఫ్లోరు ఆడపడుచు మండిపడుతూ రాయునది ఏమనగా,

నేనిక్కడ క్షేమంగా లేను. నువ్వు క్షేమంగానే ఉన్నావని పొద్దున పార్కు గేటు దగ్గర నీ ఇకిలింపు చూస్తేనే తెలిసింది.

నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుని ఎనిమిది నెలలైంది. పోనీ మన పరుగు గ్రూపు మెసేజీల్లో కడిగేద్దామంటే, నా భాష బాగోలేదని నన్ను అందులోంచి నెల రోజులు తీసేశావు. సిటీ బస్సు నడిపేదాన్ని, నా భాష ఇంకెలా ఉంటుంది? అందుకే కాగితం పట్టుకున్నాను. అన్నయ్య చేత పంపుతున్నాను. లిఫ్టు మెకానిక్కు కదా, పైకీ కిందకీ తిరగడం వాడికేం కొత్త కాదు.

విషయానికి వస్తాను. నన్ను ఆఖరి బ్యాచ్‌లో వేశావు. మూడు మారథాన్లు పూర్తిచేసిన నన్ను! పోనీ ఆ బ్యాచ్‌లో ఎవరున్నారయ్యా అంటే, కర్టెన్లు కుట్టే రేడియో ఒక్కతే. ఆవిణ్ని అందరూ రేడియో అని ఊరికే అనరు, ఆవిడకి ఆపే మీట లేదు. మొదటి మలుపు దాకా అల్లుడి గురక. అక్కణ్నుంచి చెరువు దాకా బాత్రూము గోడకి చెమ్మ. ఆ తర్వాత ఎదురింటి కుక్కకి మొలిచిన కురుపు. ఆ నడకలాంటి పరుగులో మమ్మల్ని చేతికర్ర ముసలాయన ఒకాయన దాటిపోయాడు. దాటిపోతూ వెనక్కి తిరిగి, "త్వరగా కోలుకోండమ్మా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

నా కాలి ఎముక అతుక్కుంది. పరిగెత్తమని ఎముకల డాక్టరే చెప్పాడు. మధ్యలో నువ్వెవరు? పళ్లు పీకేదానివి పళ్లు పీక్కో. కాళ్ల జోలికి రాకు.

ఇట్లు,
నీ మొహం చూడని ఆడపడుచు

తా.క.: ఈ ఉత్తరాన్ని అన్నయ్య మెట్ల మీద చదివేస్తాడని నాకు తెలుసు. అన్నయ్యా, చదివావుగా, ఇక వెళ్లు.

2

చిరంజీవి ఆడపడుచును వదిన ఆశీర్వదించి రాయునది,

డాక్టరు చెప్పిన మాటలో నీకు నచ్చిన సగమే రాశావు. రెండో సగం మీ అన్నయ్య విన్నాడు. మళ్లీ అదే చోట పగిలితే ఇక పరుగు మాట ఈ జన్మకి మర్చిపొమ్మన్నాడట. మారథాన్ ఇంకా నాలుగు నెలలుంది. కాలు ఒకటే ఉంది. అంటే రెండున్నాయి, కానీ పగిలింది ఒకటే. నీతో ఉత్తరాలు రాస్తే నాకూ తిక్క వచ్చేలా ఉంది.

మన గ్రూపు నియమం నీకు తెలియనిది కాదు. దెబ్బ తగిలి తిరిగొచ్చినవాళ్లు మాట్లాడగలిగినంత నెమ్మదిగానే పరిగెత్తాలి. ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. నువ్వా, పళ్లు బిగబట్టి నోరు మూసుకుని దూసుకుపోయే రకం. (నీ దవడ పళ్లు అరిగి ఎలా ఉన్నాయో నాకు తెలుసు. అదింకో ఉత్తరం.) అందుకే రేడియోని నీ పక్కన పెట్టాను. నువ్వు వేగం పెంచినప్పుడల్లా ఒక ప్రశ్న వేయమన్నాను. జవాబు చెప్పలేకపోతే నడిపించమన్నాను. ఇందులో అవమానం ఏముంది?

ఉంటాను,
వదిన

తా.క.: ఉత్తరం చదవనే లేదని మీ అన్నయ్య నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. చెయ్యి తీశాక, "ఆ ముసలాయన ముక్క మాత్రం భలే రాసింది" అన్నాడు.

3

నా ప్రాణానికి దాపురించిన వదినకి,

నా వెనక నా గురించి రేడియోకి ఏమేం చెప్పావు? "మీరు మొండిఘటమని మీ వదినగారు చెప్పారండీ, నిజమేనా?" అని ఆవిడ పార్కు గేటు దగ్గరే మొదలెట్టింది. ఊరుకుంటానా? ఎవరు మొండిఘటమో విడమరిచి చెప్పాను. నువ్వు కాపురానికొచ్చిన వారానికే ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించిన సంగతి చెప్పాను. ఏడాది తిరక్కుండా అన్నయ్యకి రెండు పళ్లు పీకిన సంగతి చెప్పాను. నీతో వాదిస్తే గెలవలేమని, ఎందుకంటే నువ్వు అవతలివాళ్ల నోట్లో దూది కుక్కాకే వాదన మొదలెడతావని కూడా చెప్పాను. చెబుతూ చెబుతూ చూసుకుంటే చెరువు చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరికి వచ్చేశాం. నాకు ఆయాసం రాలేదు. కాలు నొప్పి పుట్టలేదు. అది నీ గొప్ప అనుకోకు.

ఇట్లు,
మొండిఘటం

తా.క.: అల్లుడి గురక వినడం కన్నా నిన్ను తిట్టడం హాయిగా ఉంది. రేపు నీ వంట గురించి చెబుతానని రేడియోకి మాటిచ్చాను. ఆవిడ అరగంట ముందే వస్తానంది.

4

మొండిఘటానికి వదిన మెచ్చుకుని రాయునది,

రేడియో నాకు అంతా చెప్పింది. "ఒక్కసారి కూడా ఊపిరి కోసం ఆగలేదండీ, గంగాప్రవాహంలా తిట్టారు" అంది. అంటే ఏమిటి? నన్ను తిట్టేటప్పుడు నీ వేగం సరిగ్గా ఉండాల్సినంతే ఉందన్నమాట! ఇన్నాళ్లూ వెతుకుతున్న మందు ఇంట్లోనే దొరికింది.

కాబట్టి డాక్టరుగా రాసిస్తున్నాను. వారానికి నాలుగు పూటలు నన్ను తిట్టు. ఆదివారం కాస్త ఎక్కువసేపు తిట్టు. సరుకు తక్కువైతే నా డ్రైవింగు ఉంది, నా పుట్టింటివాళ్లున్నారు. మా పిన్నిని మాత్రం వదిలెయ్, ఆవిడ ఎవరి జోలికీ పోదు.

ఇట్లు,
నీ మందు

తా.క.: అన్నయ్యవి పీకింది రెండు కాదు, మూడు. మూడోది పొరపాటున పక్కది వచ్చేసింది. ఆయనకి తెలీదు, చెప్పకు.

5

పైవాటా పళ్ల డాక్టరుకి,

నీ ఉత్తరం తెచ్చి ఇచ్చేటప్పుడు అన్నయ్య చెంప పట్టుకుని ఉన్నాడు. అది మీ మొగుడూ పెళ్లాల గొడవ, నాకెందుకు.

నా గొడవ వేరే ఉంది. నా కోపాన్ని నువ్వు మందు చీటీ మీద రాసిస్తావా? పూటకింత అని కొలిచి ఇస్తావా? నా కోపం నా సొంతం, వదినా. నువ్వు తిట్టమన్నావని తెలిశాక సోమవారం నోరు పెగిలితే ఒట్టు. రేడియో ఎంత రాజేసినా ఒక్క నిప్పురవ్వ రాలేదు. నా ఒక్క సుఖాన్నీ చెడగొట్టావు.

అందుకే ఆదివారం రేడియోకి చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లాను. బస్సు డిపో వెనక రోడ్డు మీద, ఎవరితోనూ మాట్లాడకుండా, నా ఇష్టం వచ్చినంత వేగంగా పరిగెత్తాను. ఇన్నాళ్ల తర్వాత మనిషినయ్యాననిపించింది. పక్క రోడ్డులో నీ మొదటి బ్యాచ్ కనిపిస్తే దాన్నీ దాటేశాను. మీరెవరూ చూడలేదు. నేను చూశాను, చాలు. కాలికి ఏమీ కాలేదు.

ఇట్లు,
ఎవరి మందూ అక్కర్లేనిది

తా.క.: మా ఫ్రిజ్‌లో ఐసు అయిపోయింది. అన్నయ్య చేత ఒక బకెట్టుడు పంపు. నిమ్మరసంలోకి.

6

గౌరవనీయులైన ఆడపడుచు గారికి,

బకెట్టుడు ఐసుతో నిమ్మరసం ఎవరు తాగుతారండీ? ఏనుగా?

రాత్రి మీరు డ్యూటీ దిగి కుంటుకుంటూ ఇంట్లోకి వెళ్లడం మీ అన్నయ్య చూశారు. అది క్లచ్ తొక్కే కాలు. అది పోతే పరుగొక్కటే కాదు, బస్సూ పోతుంది. మీకు సిగ్గు లేకపోతే మాకు భయమైనా ఉంది.

గ్రూపు కెప్టెన్‌గా నా నిర్ణయం వినండి. మారథాన్ జాబితాలోంచి మీ పేరు కొట్టేశాను. మూడు వారాలు పరుగు బంద్. ఆ తర్వాత బుద్ధిగా రేడియో పక్కన పరిగెత్తుతానంటే రండి. కుదరదంటే వేరే గ్రూపు చూసుకోండి.

ఇట్లు,
కెప్టెన్

తా.క.: ఇందాక పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన నా మొహం చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు.

7

వదినా,

నమస్కారాలూ లేవు, క్షేమాలూ లేవు.

నా పేరు కొట్టేయడానికి నువ్వెవరు? అడుగుతున్నాను, చెప్పు. పోయినేడు ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర, పెట్రోలు బంకు ముందు, నా కాలు కటుక్కుమని నేను కూలబడ్డప్పుడు ఎవరివి? ఆర్నెల్లు పక్కపక్కనే పరిగెత్తాం. ఇద్దరం కలిసి ముగింపు గీత దాటాలనుకున్నాం. ఒక్కసారి వెనక్కి చూశావు. వెళ్లిపోయావు! నేను బోర్లించిన డబ్బా మీద కూర్చుని, పెట్రోలు కొట్టే అమ్మాయి ఎండకి అట్టముక్క అడ్డం పెడుతుంటే, నువ్వు తిరిగొస్తావని మలుపు వైపే చూస్తూ ఉన్నాను. నువ్వు వచ్చింది ఆసుపత్రికి. మెడలో పతకంతో వచ్చావు. కనీసం తీసి జేబులో పెట్టుకోవాలని కూడా తోచలేదు నీకు.

ఆ రోజు లేని ప్రేమ ఈ రోజు నా కాలి మీద పొంగుకొచ్చిందంటే నేను నమ్మాలా? నీకు కావలసింది నా కాలు కాదు, నీ పెత్తనం. నేను ఇంకోసారి గీత దాటితే నువ్వు వదిలేసి వెళ్లిన మనిషి లేచి నిలబడినట్టు అవుతుంది. అది నీకు కష్టంగా ఉంది.

ఇక రాయను.

తా.క.: ఈ ఉత్తరానికి తా.క. లేదు. ఉంది. ఐసు చాలలేదు.

8

అమ్మాయ్,

ఐసు పంపాను. దానితో పాటు మెత్తని గుడ్డ కూడా ఉంది. ఐసు నేరుగా పెట్టకు, చర్మం కాలుతుంది. పదిహేను నిమిషాలు పెట్టి తీసెయ్.

నువ్వే పొమ్మన్నావు. చెయ్యి ఊపి, "పో వదినా, నీ టైము పోతుంది" అన్నావు. ఇన్నాళ్లుగా ఈ మాట నీకు చెబుదామని, నా తప్పు లేదని వాదిద్దామని చూస్తున్నాను. వాదన బాగానే ఉంటుంది. నా మనసుకే ఎక్కడం లేదు. నువ్వు పొమ్మన్నా ఆగాలని నాకు తెలుసు. తెలిసి కూడా కాళ్లు ఆగలేదు. ఆ మలుపు తిరిగాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరిగెత్తాను. ఆ రోజు నాకు నా జీవితంలోకెల్లా మంచి టైము వచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు మాట నా దగ్గర లేదు.

నీ పేరు కొట్టేయలేదు, బెదిరించానంతే. మూడు వారాలు కాలికి విశ్రాంతి ఇవ్వు, నీకు దణ్ణం పెడతాను. తర్వాత రేడియోతో నెమ్మదిగా మొదలెట్టు. మారథాన్ రోజున మీ ఇద్దరి పక్కన నేనూ ఉంటాను, మీ వేగంతోనే. నువ్వు కూలబడితే నేనూ కూలబడతాను. పొమ్మన్నా పోను.

నీ,
వదిన

తా.క.: ఈ ఉత్తరం ఇచ్చేటప్పుడు మీ అన్నయ్య కళ్లు ఎర్రగా ఉంటాయి. లిఫ్టులో దుమ్ము అంటాడు. నమ్మినట్టు తలూపు.

9

వదినకి, ఆడపడుచు తలవంచుకుని రాయునది,

నీ పిక్క కండ చిట్లిందని, నిన్ను నెలన్నర అడుగు కింద పెట్టొద్దన్నారని అన్నయ్య చెప్పాడు. నిన్న మారథాన్ అయ్యాక సాయంత్రం నీ దగ్గరికి రావలసింది. రాలేదు. ఎలా రాను?

మూడు వారాల విశ్రాంతి తీసుకున్నాను, నువ్వు చెప్పినట్టే విన్నాను. రేడియో పక్కన నిన్ను నెమ్మదిగా, పద్ధతిగా తిట్టుకుంటూ కాలు బాగుచేసుకున్నాను. నిన్న ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర పెట్రోలు బంకు వచ్చినప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. వదిలించుకోలేదు. పైకి చెప్పలేదు గానీ, ఏడాది కోపంలో సగం అక్కడే రాలిపోయింది.

ఆ తర్వాత నాలుగు కిలోమీటర్లకి, ఏ రాయీ రప్పా లేని చదును రోడ్డు మీద, నువ్వు అబ్బా అని కూర్చుండిపోయావు. "నువ్వు పో" అన్నావు.

నేను వెళ్లిపోయాను.

నిజంగా వెళ్లమంటావా అని అడగలేదు వదినా. ఒక్క క్షణం నిలబడలేదు. నువ్వు పోయినేడు ఒక్కసారైనా వెనక్కి చూశావు, నేను అదీ చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయమేసింది. నాకు గీత కావాలి. నువ్వు ఏ వైపు పడ్డావో కూడా గుర్తులేదు, గీత ఎన్ని కిలోమీటర్లుందో మాత్రం గుర్తుంది. ఎవరో పొమ్మంటే కాళ్లు ఎంత తేలిగ్గా పోతాయో!

రేడియో నన్నొక చూపు చూసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ నోట మాట రాలేదు. ఇక నేనే మొదలెట్టాను. నీ మీద ఏడాదిగా పోగేసుకున్న తిట్లన్నీ, ఒక్కటి పోకుండా, నాకే వేసుకున్నాను. స్వార్థపరురాలన్నాను, రాతిగుండె అన్నాను. పతకం కోసం మనిషిని రోడ్డు మీద పారేసేదానివన్నాను. అన్నీ అతికినట్టు సరిపోయాయి, ఒక్కదానికీ కుట్లు విప్పాల్సిన పని పడలేదు. మిగతా దూరమంతా తిట్టుకుంటూనే వచ్చాను. వేగం ఎక్కడా తప్పలేదు, కాలూ నొప్పి పెట్టలేదు. నా జీవితంలోకెల్లా చెడ్డ టైము వచ్చింది, కానీ గీత దాటాను. దాటాక కూడా కాసేపు తిట్టుకుంటూనే ఉంటే, పతకాలిచ్చే అమ్మాయి డాక్టరును పిలవాలా అని అడిగింది.

నీ మీద కోపం మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఎందుకు పొమ్మన్నావు? ఆగవే అని ఒక్క మాట అంటే ఆగేదాన్ని కదా! ఆగేదాన్నే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం నీకివ్వమంటే అన్నయ్య మొట్టమొదటిసారి కాదన్నాడు. "ఇది మాత్రం నువ్వే మోసుకెళ్లు" అని నన్ను గుమ్మంలోంచి గెంటేసి, తను ముందే పైకి వెళ్లిపోయాడు. వాడి లిఫ్టు కూడా ఇవాళే చెడింది. నిజంగా చెడిందో, వాడే చెడగొట్టాడో తెలీదు. అందుకే ఈ ఆఖరి ముక్కలు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. రెండో అంతస్తు దాటాను. మారథాన్ మర్నాడు మెట్లెక్కడం ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. ఉత్తరం తలుపు కిందనుంచి తోస్తాను. చదివాక అన్నయ్యని తలుపు తీయమను, ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క.: ఏం తిట్టాలో ముందే ఆలోచించి పెట్టుకో, తొందరేం లేదు. మధ్యలో అడ్డు రాను. పారిపోదామన్నా మెట్లు దిగడానికి నా మోకాళ్లు వంగడం లేదు.