మూడు తెల్లమచ్చలు

నాన్,
8వ తేదీ.

ఫ్రే పట్నంలోని ప్రింటర్ల దుకాణంవారికి,

నాన్ ఊరి పాఠశాలలో నలభై ఏళ్లు పాళీ భాష బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ప్రయూన్ వ్రాయునది. చెవి మందగించినందున నాకు ఫోను పనికిరాదు. అందుచేత ఈ ఉత్తరాన్ని పొద్దుటి బస్సుకిచ్చి పంపుతున్నాను.

విహారంలో భద్రపరచి ఉంచిన మా గురువుగారు ఖంపన్ ఆచార్యుల దేహానికి ఇరవయ్యో తేదీన దహనసంస్కారం. ఆనాడు వచ్చినవారికి పంచవలసిన ఆయన జీవితచరిత్రను నేనే రచించి, మీ వద్ద కొన్న లేజర్ ప్రింటరు మీద నూట యాభై ప్రతులు తీసి ఇస్తానని గురుపత్నికి మాట ఇచ్చాను. తీరా చూస్తే ప్రతి పుటలోనూ తెల్లమచ్చలు, మూడేసి గుంపుగా, మూడు చోట్ల పడుతున్నాయి. అవి పడినచోట అక్షరం ఉండదు. "ఆయన ఎన్నడూ మద్యం ముట్టినవారు కారు" అన్న వాక్యంలో చివరి మాట మాయమైంది. గురుపత్ని అది చదివి, పుట మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఇంతటి సిగ్గు నేనెరుగను. లోపమున్న సరుకు అమ్మడం మీకు తగునా?

భవదీయుడు,
ప్రయూన్

తా.క. నిజానికి గురువుగారు కొత్త సంవత్సరం పండుగకు మాత్రం కొద్దిగా పుచ్చుకునేవారు. యంత్రానికి ఎవరో చెప్పి ఉంటారని నా భార్య అంటోంది.

ఫ్రే,
10వ తేదీ.

పూజ్యులు ఆచార్యులవారికి,

మరమ్మతుల విభాగం నుంచి అరున్నీ నమస్కరించి వ్రాసేది. వానాకాలం కనుక కాగితం చెమ్మగిల్లి ఉండవచ్చు. కొత్త కట్ట విప్పి చూడండి. టోనరు డబ్బాను బయటికి తీసి, అటూ ఇటూ నెమ్మదిగా ఊపి మళ్లీ పెట్టండి. కాగితం నడిచే దారిని పొడిగుడ్డతో తుడవండి. పచ్చగా మెరిసే గొట్టం ఒకటి కనబడుతుంది, దాన్ని డ్రమ్ము అంటారు. దానికి మాత్రం చేయి తగలకూడదు.

ఇట్లు,
అరున్నీ

తా.క. తప్పుగా అనుకోకండి, ఆ డ్రమ్మును ఎవరైనా ముట్టుకున్నారా? మొన్న ఒకాయన దాన్ని పళ్లుతోమే బ్రష్షుతో తోమి మాకు పంపారు.

నాన్,
12వ తేదీ.

అరున్నీ గారికి,

చెప్పినవన్నీ చేశాను. మచ్చలు పోలేదు సరికదా, వాటికి తోకలు మొలిచాయి. నమూనాకు ఒక పుట జతపరుస్తున్నాను.

ఇక మీ ప్రశ్న. డెబ్బై మూడేళ్లుగా బుద్ధుడు చెప్పిన పంచశీలాలు పాటిస్తున్నవాణ్ణి ఆ మాట అడగడం మర్యాద కాదు. మా ఇంట ఎవరూ లోపల వేలు పెట్టలేదు. యంత్రాన్ని పెట్టెలో సర్దినవారిని అడగండి.

ప్రయూన్

తా.క. పళ్లుతోమే బ్రష్షు ఊసు నాకెందుకు? నా పళ్లు రాత్రిళ్లు గ్లాసులో నిద్రపోతాయి.

ఫ్రే,
14వ తేదీ.

పూజ్యులు ఆచార్యులవారికి,

మీరు పంపిన పుటను కొలిచాను. ప్రతి తొమ్మిదిన్నర సెంటీమీటర్లకూ అవే మచ్చలు వస్తున్నాయి. డ్రమ్ము చుట్టుకొలత సరిగ్గా అంతే. కనుక దానికే ఏదో అంటుకుంది. తప్పు మాదే, కొత్త డ్రమ్మును ఈ బస్సులోనే పంపుతున్నాం.

మీ ఉత్తరం చదివి మా యజమాని, పెట్టెలు సర్దే మలైని పిలిపించారు. ఆమె చిన్నప్పుడు మీ దగ్గర చదువుకుందట. "నేను ముట్టుకున్నట్టు గుర్తులేదండీ. అయినా ఆచార్యులవారు ఎవరూ ముట్టలేదన్నారంటే ముట్టలేదనే. నా చేతికే పౌడరు అంటి ఉంటుంది" అని ఒప్పేసుకుంది. నెలాఖరుకు పని మానుకోమన్నారు.

అరున్నీ

తా.క. మలై మీకు క్షమాపణ వ్రాయబోయి నాలుగు కాగితాలు చింపేసింది. అక్షరం వంకరపోతే మీరు ఇప్పటికీ ఊరుకోరని దాని భయం.

నాన్,
16వ తేదీ.

అమ్మా అరున్నీ,

ఈ ఉత్తరాన్ని మీ యజమానికి పైకి చదివి వినిపించమని ప్రార్థన.

యంత్రం వచ్చిన నాడు విహారాధిపతి దయచేసి, మంత్రం చదివి, మూత మీద తెల్లగంధంతో మూడు బొట్లు పెట్టి వెళ్లారు. కారుకైతే లోపల, తోలేవాని కళ్లెదుట పెడతారు కదా. మూత మీద పెట్టిన బొట్టు లోపలి ప్రాణానికి అందుతుందా అని నాకు సందేహం కలిగింది. తలుపు తెరిచాను. పచ్చగా మెరుస్తున్నదే దాని హృదయమనుకుని, మిగిలిన గంధంతో ఈ వేలితోనే మూడు బొట్లు పెట్టాను. మొదటి ఉత్తరం వ్రాసేటప్పుడు అది తప్పని నాకు తెలియదు. రెండవది వ్రాసేటప్పుడు తెలుసు. అప్పటికే తడిగుడ్డతో తుడవబోయాను; తోకలు మొలిచింది అందువల్లనే.

మీ ఉత్తరం చదివి నా భార్య, "గురువుగారి సత్యనిష్ఠ గురించి ఎన్ని పుటలు రాశావయ్యా?" అంది. పదకొండన్నాను. "అవైనా మచ్చలేకుండా వస్తే చాలు" అని వంటింట్లోకి పోయింది.

వచ్చాయమ్మా. కొత్త డ్రమ్ముతో నూట యాభై ప్రతులూ అద్దంలా వచ్చాయి. వాటిని తలెత్తి చూడలేకపోతున్నాను. మలై తప్పు ఇసుమంతైనా లేదు. ఆమె పని ఆమెకు నిలబెట్టండి.

అపరాధి,
ప్రయూన్

తా.క. రేపు పొద్దుటి బస్సుకు నేనే వస్తున్నాను. నాకంటే చిన్నవారికి నేను ముందుగా చేతులు జోడించడం ఈ జన్మలో జరగలేదు; రేపు జరగాలి. కానీ నన్ను చూడగానే మలై జోడించేస్తుంది, ఆ పిల్లను నేనెరుగుదును. దయచేసి నేను గడప దాటే సమయానికి ఆమె రెండు చేతుల్లోనూ బరువైన పెట్టె ఏదైనా పెట్టి ఉంచండి.