మూత మీద తేదీ

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

నిన్న ఒకింట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చడానికి వెళ్లాను. ఆ ఇంటాయన కూడా బావలాగే ఆక్సిజన్ మిషన్ మీద బతికేవాడు. మొన్న కరెంటు పోతే బ్యాటరీ పది నిమిషాలైనా నిలవలేదట, మనిషి దక్కలేదు. ఆయన భార్య బ్యాటరీ మూత మీద పెయింటుతో రాసిన తేదీ చూపించి, "ఏడాదైనా కాలేదు, చూడు బాబూ" అంది. ఆ రాత మా మేస్త్రిది. ఎవరో వాడి పారేసిన బ్యాటరీని తుడిచి కొత్త తేదీ వేయడం నాకు నేర్పింది ఆయనే. తలెత్తకుండా పని ముగించుకుని వచ్చేశాను.

మీ ఇంట్లో నేను పెట్టిందీ అలాంటిదే అక్కా. తేదీ నా చేత్తోనే రాశాను. చెబుదామని రెండుసార్లు ఫోన్ చేస్తే బావే ఎత్తాడు. "నీ బ్యాటరీ భేషుగ్గా ఉందిరా" అన్నాడు. సరేనని పెట్టేశాను.

శనివారం కొత్తది తీసుకుని వస్తున్నాను. అందాకా బావని వదిలి కూరగాయలకైనా వెళ్లకు. చిన్నదాని దగ్గు తగ్గిందా? దానికి నా ముద్దులు.

కవరులో పెట్టి అంటించడానికి మనసొప్పలేదు, అందుకే కార్డు రాశాను. ముందు బావ చేతిలో పడితే ఆయన్నే చదవనీ.

నీ తమ్ముడు