మనది ఉప్పు వ్యాపారమట

ముంబయి

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది. ఫోనయితే అరిచేస్తానని కార్డు రాస్తున్నాను. కంపెనీలు కొనేవాళ్లకు లెక్కలు కట్టిచ్చే ఈ బ్యాంకులో చేరి నెలైంది కదా. మొన్న ఒక ఉప్పు కంపెనీని కొనే పార్టీ వచ్చాడు. మా సారు నన్ను చూపించి, "వీళ్లది నౌపడలో ఉప్పు వ్యాపారం" అన్నాడు. నేను తలూపాను. ఆ పార్టీ వెంటనే, "అయితే నువ్వే చెప్పమ్మా, కూలీల్ని సగం తీసేస్తే పని నడవదా?" అన్నాడు. ఒళ్లు మండింది. "మా నాన్న ఆ కూలీల్లో ఒకడు. ఆయన్నే అడగండి" అన్నాను. సాయంత్రానికి నన్ను ఆ పనిలోంచి తీసేశారు. ఉద్యోగం కూడా ఎన్నాళ్లుంటుందో తెలీదు.

నాన్న అరికాళ్ల పగుళ్లకు మందు రాస్తున్నావా? రబ్బరు బూట్లు పంపాను. "బూట్లేసుకుని ఉప్పు మడిలోకి దిగితే నవ్వుతారే, సిగ్గు కాదేటి?" అంటాడు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు. తమ్ముడు గోపీని బడి మాన్పించొద్దు. వీధిలో నా ఉద్యోగం గురించి గొప్పలు చెప్పకు.

ఈ కార్డు నాన్నకు చదివి వినిపించు. నేను తలూపానన్న ముక్క మాత్రం వదిలెయ్యకు.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ కూతురు,
దమయంతి