ప్లాస్టర్ మీది తారీఖు

సుగుణా,

ఈ రోజు పొద్దున ఫ్రీజర్‌లోంచి నీ చింతచిగురు డబ్బా తీశాను. నువ్వు కన్ను మూయడానికి వారం ముందు కోసి, నలిపి దాచిన చిగురు. దవాఖానా నుంచి తెచ్చిన తెల్ల ప్లాస్టర్ ముక్క ఇంకా మూతకు అంటుకునే ఉంది. అందరూ దాచిన రోజు రాస్తారు. నర్సువి కదా, నువ్వు మాత్రం మందు సీసా మీద ఉన్నట్టు ఆఖరి రోజు రాసేదానివి.

"ఏంది, కూరాకుకు గూడ ఎక్స్‌పైరీనా?" అని నేను నవ్వేవాణ్ణి.

"అవ్. తారీఖు దాటితే నువ్వు ఏడ్చినా పెట్ట."

ఇన్నాళ్లూ ఆ డబ్బాను ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇల్లందులో కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్‌కు దుప్పటి కప్పాను. నిన్న మన కూతురు ప్లాస్టర్ చదివి, "నాన్నా, రేపే ఆఖరు. దాటితే అమ్మ ఊకుంటదా?" అంది.

ఎండు రొయ్యలు వేసి నేనే వండాను. ఉప్పు ఎక్కువైంది. అయినా ఇద్దరం గిన్నె ఊడ్చుకుని తిన్నాం.

ఇంతకాలం నా ముందు, నీ చేత్తో రాసిన రోజు ఒకటి ఉండేది. అది ఈ రోజే, సుగుణా. రేపటికి నువ్వేమీ రాయలేదు.