ఒక పిల్ల ఒక్క ఇంట్లోనే

ఆళ్లగడ్డ,
11-2-2026, బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి గీతాంజలిని అమ్మ రామేశ్వరమ్మ మనసారా దీవించి రాయించే సంగతులు.

ఇక్కడ నేనూ, నీ కూతురు దివ్యశ్రీ క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడు మహేశ్, బాబు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నాకు అక్షరం రాదు కదా, దివ్యే రాస్తోంది. నేను మన మాటలో చెబితే అది బడి తెలుగులోకి దిద్దుకుంటోంది. ఫోన్ చేస్తే మీ అత్త ఎత్తుతుందని ఈ ఉత్తరం. సర్వే చేసే హిమజ మీటింగుకని నంద్యాల వస్తోంది, నీ చేతికే ఇస్తుంది.

నా కడుపు చల్లబరిచావు తల్లీ. ఎందుకో చెబుతాను, విను.

దసరా సెలవుల్లో ఆ హిమజే ఇంటింటికీ తిరిగింది. రాష్ట్రంలో నూటికి ఎంతమంది పిల్లలు పేదరికంలో పెరుగుతున్నారో తేల్చే సర్వే అట. పాలు తాగుతుందా, గుడ్డు తింటుందా, కాళ్లకు చెప్పులున్నాయా అని ఒకటే ప్రశ్నలు. మన సంగతి నీకు తెలియనిదా? చేను ఉందన్న పేరే గాని బోరు ఎండిపోయింది. నేను ముఖానికి కొంగు కప్పుకుని మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతున్నాను. అయినా వాకిట్లోకి వచ్చినవాళ్లతో లేదనే మాట అనకూడదని నా అత్త నేర్పింది. కూటికి పేదైతే కులానికి పేదా అనేది. ఆ రోజు ఆ మాట పక్కన పెట్టి, అడిగినదానికల్లా లేదు, లేదు అనే చెప్పాను. పిల్లకు ఏదైనా మేలు జరుగుతుందేమోనని ఆశ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాననుకో.

పోయేటప్పుడు హిమజ, ఒక పిల్లను ఒక్క ఇంట్లోనే రాస్తామవ్వా, యాడ రాస్తే ఆ ఇంటి పిల్లే అని చెప్పింది.

మొన్న అంగడి దగ్గర కనబడితే ఏమైందని అడిగాను. రాష్ట్రం లెక్క తేలిందవ్వా, పేద పిల్లలు మునుపటికన్నా తగ్గినారంట అంది. తగ్గి యాడికి పోయినారమ్మా అని ఎకసెక్కం చేశాను. మరి మా దివ్య సంగతేందని అడిగితే తల దించుకుంది. ఆ పాప పేరు ఈడ లేదవ్వా, వాళ్లమ్మ దగ్గర నంద్యాలలోనే రాసింటారు అంది.

నడిబజార్లో నిలబడి ఏడ్చానే గీతా. సంతోషంతో ఏడ్చాను. దివ్య నాయన పోయాక నీకు మళ్లీ పెళ్లి చేసినప్పుడు, ఈ పిల్ల ఊసెత్తకూడదని మీ అత్త షరతు పెడితే నువ్వు తలూపావు. ఇన్నేళ్లూ నిన్ను రాతిగుండెదని తిట్టుకున్నాను. నువ్వేమో మీ అత్త ముందే, ఇది నా బిడ్డ అని పేరు రాయించావు! పాలున్న ఇంట్లో, గుడ్డున్న ఇంట్లో రాయించావు. పేద పిల్లలు తగ్గరా మరి!

ఇంక దాచేదేముంది? ఆదివారం వచ్చి పిల్లను తీసుకుపో. అది కాలు నా మీద వేయకపోతే నిద్రపోదు. దాని కాలు మీద లేకపోతే నాకూ నిద్ర రాదు. అయినా అవ్వ ఎంత చేసినా అవ్వే, అమ్మ కాదు. దాని బట్టలు ఉతికి మడత పెట్టాను. నీకు చిక్కటి కాఫీ ఇవ్వాలని, ఆదివారానికి పాలు పోయమని నాగేశ్వరమ్మకు ఇప్పుడే పోయి చెప్పి వస్తాను. ఇది రాస్తూ దివ్య పెన్ను ఆపి కళ్లు తుడుచుకుంటోంది. పిచ్చిది, సంతోషం పట్టలేకపోతోంది. ఈ ముక్క కూడా రాయమన్నాను.

దారి చూస్తూ ఉంటాను.

మీ అమ్మ,
రామేశ్వరమ్మ (వేలిముద్ర)

తా.క.: అమ్మా, నేను దివ్యను. అవ్వ పాలు చెప్పేకి పోయింది. ఆ రోజు అవ్వ నా పేరు చెప్తే హిమజక్క రాసుకునింది. నేనే సందు చివరిదాకా పరిగెత్తి, మాది నంద్యాల, సెలవులకు వచ్చినానని చెప్పి కొట్టేయించినా. ఈడ తీసేస్తే ఆడ రాయక తప్పదు, అప్పుడు నువ్వు నన్ను తీసుకపోతావనుకున్నా.

మొన్న అవ్వ అంగడి దగ్గర అడిగినాక హిమజక్క నంద్యాల సర్వే వాళ్లకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉండా. మీ ఇంట్లో బాబు ఒక్కడే అని నువ్వే చెప్పినావంట. రాష్ట్రం లెక్క మూసేసినారు, ఇప్పుడు నన్ను ఈడ కూడా ఎక్కించేకి కాదంట. అవ్వకు చెప్పొద్దని హిమజక్కతో ఒట్టు వేయించుకున్నా.

ఆదివారం నువ్వు రావని నాకు తెలుసు. బస్సు దొరకలేదనో, బాబుకు జ్వరమనో ఒక ఉత్తరం రాసి హిమజక్కకు ఇయ్యి. రాసేకి తీరకపోతే ఉత్త కాగితమైనా పంపు. అవ్వకు చదివి వినిపించేది నేనే కదా.